పేరు చెక్కిన గిన్నెలు

ఇంట్లో వాడకుండా మిగిలిపోయిన సామాన్లను అవసరమున్నవాళ్ళకు ఉచితంగా ఇవ్వడం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలివి. జవాబులు చెబుతున్న పెద్దమ్మ కర్నూలు పాతబస్తీలో ముప్పై ఏళ్ళు స్టీలు సామాన్ల అంగడి నడిపింది. ఇప్పుడు అదే అంగడిలో ఆదివారం పూట, నలుగురూ ఇచ్చిపోయిన సామాన్లను కావాల్సినవాళ్ళకు ఊరికే ఇస్తోంది.

ప్రశ్న: పెద్దమ్మా, పోయిన సంక్రాంతికి ముందు మా అమ్మ కాలం చేసింది. అటక మీది నుంచి దించితే నాలుగు గోనెసంచుల స్టీలు, ఇత్తడి సామాన్లు తేలాయి. తూకానికి వేసేద్దాం అంటాడు తమ్ముడు. నాకేమో ఎవరికైనా ఇవ్వాలని ఉంది. కానీ సగం గిన్నెల మీద అమ్మ పేరో, నాన్న పేరో, మా పెళ్ళిళ్ళ తేదీలో ఉన్నాయి. చెరిపించి ఇవ్వాలా? వేరేవాళ్ళ పేరున్న పళ్ళెంలో తినాలంటే వాళ్ళకు చిన్నతనంగా ఉండదా?
– ఒక కూతురు, నంద్యాల

జవాబు: అమ్మా, మీది నంద్యాల కదా, ఆ పేర్లలో ఒకటో రెండో నేను చెక్కినవే అయ్యుండొచ్చు. మా అంగట్లో మా ఆయన తూకం చూసేవాడు, పేర్లు కొట్టే మిషను నా చేతిలో ఉండేది. పెళ్ళి సామాన్లయితే 'చి.ల.సౌ.' అని మొదలు. పదకొండో రోజు పంచే చెంబులయితే 'కీ.శే.' అని మొదలు. అక్షరానికి ఇంత అని లెక్క కాబట్టి చేతిలో డబ్బున్నవాళ్ళు ఊరు, తేదీ, మేనమామ పేరు, ఆయన ఉద్యోగం కూడా రాయించుకునేవారు. లేనివాళ్ళు ఇంటిపేరు మొదటి అక్షరం, పిల్ల పేరు, అంతే. వాళ్ళకు నేను ఒక పువ్వు ఊరికే వేసి ఇచ్చేదాన్ని. పువ్వు అక్షరం కాదు కదా, మా ఆయన లెక్క అడగడానికి లేదు.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ రెండూ ఊళ్ళోకి వచ్చాయి. నీళ్ళు తీశాక షట్టరు ఎత్తబోతే లేవలేదు. లోపలి నుంచి బురద తోసి పట్టేసింది. స్టీలును నీళ్ళేం చేస్తాయి అంటారు చాలామంది. నిజమే, స్టీలు చెడిపోదు, కొట్టుకుపోతుంది. మిగిలిన గిన్నెల్లో బురద సిమెంటులా గట్టిపడింది. మా ఇల్లు కూడా అంగడి వెనకాలే కాబట్టి తినడానికి పళ్ళెం లేదు, కట్టుకోవడానికి చీర లేదు. మూడో రోజు వీధి చివర ఎవరో అన్నం పెడుతున్నారంటే పోయి నిలబడ్డాను. ముప్పై ఏళ్ళు పళ్ళేలు అమ్మినదాన్ని, విస్తరాకు కోసం చెయ్యి చాచాను. విస్తళ్ళు అయిపోయాయి. లారీలో వచ్చిన ఒకామె ఒక స్టీలు పళ్ళెం నా చేతిలో పెట్టి, ఇది మీరే ఉంచుకోండి అంది.

అలవాటు పోతుందా, వెనక్కి తిప్పి చూశాను. ఎవరో ఆడపిల్ల పేరు, 1987 నాటి తేదీ. అక్షరాలు వంకర టింకర. 'సున్నా కూడా సరిగా చుట్టడం రానోడు కొట్టినాడు దీన్ని' అనుకుని నవ్వాను. వరద వచ్చాక నేను నవ్వింది అదే మొదలు. పదిమంది నా వైపు తిరిగి చూశారు, ఈమెకు మతి పోయిందనుకుని ఉంటారు. ఆ పళ్ళెం ఇంకా నా దగ్గరే ఉంది. దాంట్లోనే తింటాను. ఆ పేరు నన్ను ఏనాడూ చిన్నబుచ్చలేదు. ఎవరో బతికిన ఇంట్లోంచి వచ్చిన పళ్ళెం అని తెలుస్తుంది, అంతే.

కాబట్టి చెరిపించకండి. పాలిషు పట్టిస్తే పేరు పోతుంది గానీ ఆ చోట మచ్చ పడుతుంది, రేకు పలచబడుతుంది. ఏదో దాచిన గిన్నెలా కనిపిస్తుంది. అయితే రెండు జాగ్రత్తలు తీసుకోండి. మీ అమ్మ పేరున్న సామాన్లు మీ వీధిలో, మీ ఊళ్ళో ఇవ్వొద్దు. పక్కింటి ఫంక్షన్‌లో ఆ చెంబు కనపడితే 'అది ఫలానా వాళ్ళింటిది కదా' అని ఒకరు అంటారు, తీసుకున్నామె తల దించుకోవాలి. నంద్యాలవి కర్నూలు పంపండి, కర్నూలువి నంద్యాలకు పోనీయండి. రెండోది, 'కీ.శే.' అని ఉన్నవాటిని విడిగా పెట్టండి. వాటిని పెళ్ళి ఇంటికి తీసుకుపోరు, బాలింత ఉన్న ఇంటికి తీసుకుపోరు. కొందరికి ఆ పట్టింపు ఉండదు, వాళ్ళే చూసి తీసుకుంటారు.

ఇత్తడి సంగతి వేరు. పాత ఇత్తడి గిన్నెకు లోపల కళాయి ఉందో లేదో చూడండి. కళాయి పోయినదాంట్లో చింతపండు పులుసు కాచారంటే ఒంటికి చేటు. కళాయి పోసేవాళ్ళు ఇప్పుడు దొరకడం కష్టం. దాన్ని ఉచితంగా ఇచ్చామంటే ఆమె మరునాడే తూకానికి వేస్తుంది. ఆ పని మీరే చేయండి, ఇత్తడికి మంచి ధర వస్తుంది. ఆ డబ్బుతో మూతలున్న బకెట్లు, రొట్టెల పెనాలు కొనివ్వండి. మీ తమ్ముడి మాట ఆ మేరకు నెగ్గినట్టే.

తమ్ముడి కోసం ఒక చెంబు పక్కన పెట్టండి. ఇప్పుడు వద్దంటాడు. మా మరిది కూడా అట్లే అన్నాడు. ఏడాది తిరక్కుండా మా అత్తగారి కాఫీ గ్లాసు కోసం మా అంగడంతా తిరగేశాడు.

ప్రశ్న: మా అపార్ట్‌మెంట్‌లో ఇరవై రెండు ఫ్లాట్లు. అందరం కలిసి పద్నాలుగు మూటల బట్టలు పోగుచేసి ఒక అనాథాశ్రమానికి తీసుకెళితే తీసుకోలేదు. గేటు దగ్గరే వెనక్కి పంపారు. ఉచితంగా ఇస్తుంటే కూడా ఇంత నిర్లక్ష్యమా? మావాళ్ళందరూ హర్ట్ అయ్యారు.
– అసోసియేషన్ సెక్రటరీ, అనంతపురం

జవాబు: సెక్రటరీగారూ, ఆ మూటలు ఒకసారి విప్పి చూశారా? కోపం తెచ్చుకోకండి. పద్నాలుగు మూటల్లో జిప్పు పోయిన ప్యాంట్లు ఎన్ని, హుక్కులు లేని జాకెట్లు ఎన్ని, సాగిపోయిన బనియన్లు ఎన్ని, ఒక్క కాలి సాక్సులు ఎన్ని? ఆ ఆశ్రమంలో ఎవరో ఒక ఆయమ్మ కూర్చుని అవన్నీ ఏరాలి. ఏరాక మిగిలినవాటిని తగలబెట్టాలి, లేదా మునిసిపాలిటీ బండిలో వేయాలి. మన చెత్తను వాళ్ళ చేతుల మీదుగా వేయించినట్టు అవుతుంది.

2009లో మా ఊరికి లారీలకు లారీలు పాత బట్టలు వచ్చాయి. పంపినవాళ్ళ మనసు మంచిదే, అందులో అనుమానం లేదు. కానీ లారీ మీది నుంచి విసురుతుంటే జనం పట్టుకోవడం, చూసుకోవడం, పారేయడం. వారం రోజులకు రోడ్ల పక్కన బురదలో బట్టల కుప్పలు. వరద చెత్త ఎత్తడానికే మనుషులు చాలక అల్లాడుతున్న ఊరికి ఇంకో చెత్త. మా వీధిలో ఒకామెకు సూటు కోటు దొరికింది, బాగా ఖరీదైనది. ఆమె దాన్ని పొయ్యి దగ్గర పీటలా వేసుకుని కూర్చునేది. మీ ఊళ్ళో 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలు మునిగినప్పుడు మీరే చూసుంటారు. ఆ రెండు రోజుల్లో వాళ్ళకు కావాల్సింది పొడి దుప్పటి, లోదుస్తులు, నైటీ, లుంగీ, పిల్లలకు కొలతలకు సరిపోయే బట్టలు. పట్టుచీరలు కావు.

బట్టలను పనికొచ్చేలా అందించడం ఎంత పెద్ద పనో తెలియాలంటే గూంజ్ సంస్థను చూడండి. 1999లో అన్షు గుప్తా మొదలుపెట్టారు, 2015లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. పాత బట్టలు పోగు చేయడానికి అవార్డు ఎవరూ ఇవ్వరు. వాళ్ళు వచ్చినవాటిని ఏరి, ఉతికి, కుట్టి, కట్టుకోవడానికి పనికిరాని నూలు గుడ్డను నెలసరి ప్యాడ్లుగా, చిరుగులను బొంతలుగా మారుస్తారు. ఊరివాళ్ళు బావి తవ్వుకుంటే, దారి వేసుకుంటే ఆ పనికి ప్రతిఫలంగా బట్టలిస్తారు. అడుక్కున్నట్టు ఉండదు, సంపాదించుకున్నట్టు ఉంటుంది.

మీరు చేయాల్సింది ఇది. ఒక ఆదివారం మీ సెల్లార్‌లో చాప పరిచి, ఇరవై రెండు ఇళ్ళవాళ్ళూ కూర్చుని ఆ మూటలు విప్పండి. 'దీన్ని మా పనిమనిషి ముందు నేను కట్టుకుంటానా' అని ఒక్కొక్కటి పట్టుకుని చూడండి. కుట్టగలిగినవి కుట్టండి, గుండీలు వేయండి, ఉతికి ఇస్త్రీ చేయించండి. మెత్తబడిన నూలు చీరలు, పంచెలు, దుప్పట్లు విడిగా తీసి పెట్టండి, బొంతలు కుట్టేవాళ్ళకు అవి బంగారం. పాలిస్టర్ బొంతకు పనికిరాదు, చెమట పీల్చదు. పద్నాలుగు మూటలు నాలుగవుతాయి. ఆ నాలుగు మూటలతో, ముందు ఫోన్ చేసి, ఎంత వయసు పిల్లలున్నారు, ఏం కావాలి అని అడిగి వెళ్ళండి. ఈసారి గేటు తీస్తారు.

ప్రశ్న: పాత ఫ్రిజ్, డబ్బా టీవీ, తిరగని ఫ్యాన్, ప్రెషర్ కుక్కర్, గ్యాస్ స్టవ్, సిలిండర్, స్పాంజి పరుపు ఉన్నాయి. ఏవి ఇవ్వొచ్చు?
– ప్రొద్దుటూరు

జవాబు: ఫ్యాన్ తిరగకపోవడానికి చాలాసార్లు కారణం కండెన్సరే. సీలింగ్ ఫ్యాన్‌కు మామూలుగా 2.5 మైక్రోఫారడ్‌ది వేస్తారు, టీ ఖర్చులో అయిపోయే పని కాకపోయినా భోజనం ఖర్చు కూడా కాదు. బాగుచేయించి ఇవ్వండి. మే నెలలో మన జిల్లాల్లో ఫ్యాన్ ఇచ్చినవాళ్ళకు కాళ్ళు మొక్కుతారు. కుక్కర్‌కు కొత్త వాషరు, కొత్త సేఫ్టీ వాల్వు వేయించకుండా ఎవరికీ ఇవ్వొద్దు. స్టవ్ ఇవ్వొచ్చు గానీ దాని రబ్బరు పైపు ఇవ్వొద్దు. ఐదేళ్ళకోసారి మార్చాలి, పైపు మీద తేదీ ఉంటుంది, ఎవరూ చూడరు. సిలిండర్ మీది కాదు, కంపెనీది. డీలర్‌కు తిరిగిచ్చి డిపాజిట్ తీసుకోండి.

ఫ్రిజ్ చల్లబడుతుంటే ఇవ్వండి, కానీ పాత ఫ్రిజ్ కరెంటు ఎక్కువ తాగుతుందని తీసుకునేవాళ్ళకు ముందే చెప్పండి. ఆటోలో నిలబెట్టే తీసుకెళ్ళాలి, దించిన వెంటనే ప్లగ్గు పెట్టకుండా కొన్ని గంటలు ఆగాలి. డబ్బా టీవీని ఎవరూ అడగరు. దాని గాజు గొట్టంలో సీసం ఉంటుంది, పగలగొట్టే పాత సామాన్లవాడికి వేయొద్దు, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి ఇవ్వండి. స్పాంజి పరుపు ఒకసారి కుంగితే అంతే, పారేయండి. దూది పరుపయితే నాకు పంపండి. దూదేకులవాళ్ళ చేత ఏకించి, కొత్త గలీబు కుట్టిస్తే ఇంకో పదేళ్ళు వస్తుంది. నల్లులుంటే మాత్రం గడప దాటనీయకండి. ఎండలో వేస్తే చస్తాయని అందరూ అంటారు, కర్నూలు ఎండ మీద వాళ్ళకు అంత నమ్మకం. పైన వేడెక్కితే అవి పరుపు అడుగుకు జరుగుతాయి, రాత్రికి మళ్ళీ పైకొస్తాయి.

ప్రశ్న: అక్కా, నా పేరు వేయొద్దు. మా ఆయన పనికి పోలేక ఏడు నెలలైంది. అద్దె కట్టలేక చిన్న ఇంటికి మారాం. మారేటప్పుడు మంచం, మిక్సీ అమ్ముకున్నాం. మీ అంగడి గురించి విన్నాను. నేను ఇంతవరకు ఎవరినీ ఏమీ అడగలేదు. రేషన్ కార్డు పాత అడ్రసుతో ఉంది. ఏ కాగితాలు తేవాలి? ఫోటో తీస్తారా?
– కర్నూలు

జవాబు: ఏ కాగితమూ వద్దు చెల్లీ. సంచి తెచ్చుకో, మంచం కావాలంటే తోడుగా ఒక మనిషిని తెచ్చుకో. 1866 కరువులో ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గంజి పోయిస్తే తాగడానికి వేలమంది వచ్చారని మా నాయన చెప్పేవాడు. వాళ్ళలో ఎవరి దగ్గర ఆధార్ ఉందట?

ఫోటో తీయం. మొదట్లో తీసేవాళ్ళం, అది నా తప్పే. ఒక పెద్దమనిషి పది మంచాలు ఇప్పించి, తీసుకున్నవాళ్ళ పక్కన నిలబడి ఫోటోలు దిగాడు. ఆ ఫోటో పేపర్లో చూసిన ఒక పిల్లవాడు మంచం మోసుకొచ్చి మా అంగడి ముందు పెట్టి పోయాడు. పదో తరగతి చదువుతున్నాడు, క్లాసులో ఎవరో ఏదో అన్నారట. ఒక్క మాట మాట్లాడలేదు. ఆ మంచం అక్కడే రెండు వారాలుంది, ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు. ఆ తర్వాత ఫోటో అడిగిన ప్రతి దాతకూ అంగడి ఫోటో తీసుకోమని చెబుతున్నాను. బోర్డు బాగానే ఉంటుంది.

ఇంకో సంగతి నీకు ముందే తెలిస్తే నీకు సులువు. మా అంగట్లో ఎవరికీ ఏదీ చేతికివ్వం. షెల్ఫుల్లో పెట్టి ఉంటాయి, అమ్మినప్పుడు ఎట్లా సర్దేదాన్నో అట్లే. నువ్వు వచ్చి చూసుకుని, నచ్చింది తీసుకో. మూత తిప్పి చూడు, పళ్ళెం మోగించి చూడు, ఎరుపు బకెట్టు వద్దు నీలంది కావాలను. ఈ పద్ధతి నాకు మొదట తెలియదు. ఎవరొచ్చినా వాళ్ళ వాలకం చూసి నేనే తీసి ఇచ్చేదాన్ని. ముప్పై ఏళ్ళు వ్యాపారం చేసినదాన్ని కదా, గిరాకీ మొహం చూస్తే ఏం కావాలో తెలుస్తుందని గర్వం. ఒక ముసలామె వస్తే ఐదు లీటర్ల కుక్కర్ ఇచ్చి పంపాను. వారం తర్వాత కుక్కరు చంకనేసుకుని మళ్ళీ వచ్చింది. 'అమ్మా, నేనొక్కదాన్నే, సంగటి తింటా, దీంట్లో ఏం చేసుకోను? చేతులున్న కుర్చీ ఉందేమో అని వచ్చినా. కూర్చుంటే లేవలేకపోతుండా' అంది. కుర్చీ ఆమె పక్కనే ఉంది, మొదటి రోజు కూడా. నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

గిరాకీకి నచ్చనిది అంటగట్టే అంగడి నిలవదు. డబ్బు తీసుకోకపోయినా అది అంగడే. కాబట్టి ఆదివారం పొద్దున పదిలోపు రా. మిక్సీలు తొందరగా అయిపోతాయి. మీ ఆయనకు నడక కష్టంగా ఉంటే వాకర్లు రెండున్నాయి, అవి పెద్దాసుపత్రి నుంచి వచ్చేవాళ్ళు వాడుకుని తిరిగిచ్చేవి.

ప్రశ్న: నేను ఇచ్చిన మిక్సీని తీసుకున్నావిడ వారంలోనే అమ్ముకుంది. నా కళ్ళారా సెకండ్‌హ్యాండ్ షాపులో చూశాను. ఇంక ఎవరికైనా ఎందుకివ్వాలి?
– రిటైర్డ్ ఉద్యోగి, కర్నూలు

జవాబు: అయ్యా, ఇచ్చాక అది మీ మిక్సీ కాదు. మీరు గుర్తుపట్టారు చూశారా, మనసులో ఇంకా మీదే అన్నమాట.

ఆమె ఎందుకు అమ్మిందో నాకు తెలియదు. ఆ ఇంట్లో కరెంటు ఎట్లుందో, ఆ వారం ఏ ఖర్చు వచ్చిందో. మిక్సీ కంటే డబ్బే అవసరమైన వారం ఒకటి ఎవరికైనా వస్తుంది. వరద తర్వాత మాకు దానంగా వచ్చిన రెండు దుప్పట్లలో ఒకటి నేనూ అమ్మాను. ఆ డబ్బుతో పేర్లు కొట్టే మిషను మోటారు బాగుచేయించుకున్నా.

అయినా మీ కోపంలో పాయింటు లేకపోలేదు. నన్ను కూడా బాగానే బుట్టలో వేసుకున్నారు. ఒకాయన మూడు ఆదివారాలు వరసగా వచ్చి, మూడుసార్లూ 'మా ఆవిడ' అని ముగ్గురు ఆడవాళ్ళను చూపించి, మూడు స్టవ్‌లు పట్టుకుపోయాడు. మూడోసారి వచ్చినామె నా పాత గిరాకీ కాబట్టి దొరికాడు. పాత సామాన్ల వ్యాపారి. నేను తిట్టలేదు గానీ, నీ తూకంలో మోసం ఎంతో చెప్పమంటావా అని అడిగాను, మళ్ళీ రాలేదు. అప్పటినుంచి మంచం, స్టవ్, మిక్సీ, ఫ్యాన్ లాంటి పెద్ద సామాన్లు ఇంటికి ఏడాదికి ఒక్కొక్కటే అని నోటుపుస్తకంలో రాస్తున్నాం. పేరు, వీధి, అంతే. గిన్నెలకు, బట్టలకు లెక్క లేదు. వంద మందిలో ఇద్దరు మోసం చేస్తారని మిగతా తొంభై ఎనిమిది మందిని పోలీసుల్లా ప్రశ్నలు వేయడం నా వల్ల కాదు.

ప్రశ్న: సామాన్లు దానం చేస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గుతుందా?
– వ్యాపారి, గుంతకల్లు

జవాబు: తగ్గదు. అందరూ 80జి అని పిలిచే ఆ మినహాయింపు డబ్బు రూపంలో ఇచ్చినదానికే, అది కూడా రెండు వేలకు మించి నగదుగా ఇస్తే లెక్కలోకి రాదు. కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్ళకు అదీ లేదు. మీ పాత సోఫాకు రసీదు కావాలని అడుగుతున్నారంటే, ఆ సోఫా ఎట్లుందో నాకు తెలిసిపోయింది.

ప్రశ్న: మా ఊళ్ళో సగం ఇళ్ళు సంక్రాంతి దాటాక తాళాలు పడతాయి. మా బడి పిల్లలూ వాళ్ళతోపాటే పోతారు. పోయేవాళ్ళకు ఏదైనా ఇవ్వాలని మా టీచర్లం కొంత సామాను పోగుచేశాం. స్టీలు డిన్నర్ సెట్లు, కుక్కర్లు, గాజు గ్లాసులు వచ్చాయి. ఎవరూ పెద్దగా ముందుకు రావడం లేదు. ఎందుకు?
– ఒక టీచరు, కోసిగి

జవాబు: టీచరుగారూ, సుగ్గికి, అంటే పంట కోతల కూలికి వలస పోయేవాళ్ళ మూట ఎప్పుడైనా ఎత్తి చూశారా? నేను ఎత్తాను. ఆదోని స్టేషన్‌లో ఒకామెకు తల మీదికి ఎత్తబోయి నడుం పట్టేసింది. ఒక మూటలో నెలలకు సరిపడా బియ్యం, జొన్నలు, గిన్నెలు, గుడ్డలు, దుప్పట్లు, పైన నీళ్ళ బిందె. చంకలో బిడ్డ. ఆమెకు డిన్నర్ సెట్ ఇస్తే ఎక్కడ పెట్టుకుంటుంది?

వాళ్ళు గుంటూరు వైపు మిరప కోతలకు పోయి చేను పక్కనే గుడారాలు వేసుకుంటారు. మూడు రాళ్ళ పొయ్యి, కట్టెల మంట. కుక్కర్ ప్లాస్టిక్ పిడి కట్టెల మంటకు కరిగిపోతుంది, వాషరు గట్టిపడుతుంది. స్టీలు గిన్నె అడుగంటుతుంది. వాళ్ళు అడిగేది సత్తు గిన్నెలు. తేలిక, తొందరగా కాగుతాయి, సొట్ట పడితే రాయితో కొట్టి సరిచేసుకోవచ్చు. మూడు సైజులు, ఒకదాంట్లో ఒకటి ఇమిడేవి. మా బోకులన్నీ ఒక బోకులో పట్టాల అని ఒకామె చెప్పింది, అదే కొలత.

తర్వాత టార్పాలిన్. మంచు పడుతుంది, అకాల వానలొస్తాయి. బియ్యానికి బిగువు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, ఎలుకలు చేరకుండా. దోమతెర. చార్జింగ్ టార్చి, రాత్రిపూట పాముల భయం వాళ్ళకు నిజమైన భయం. పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు, మగవాళ్ళవి, నూలువి: ఆడవాళ్ళు చీర మీద వేసుకుని మిరపకాయలు కోస్తారు, చేతులు మండకుండా. మీ బడిలో మగ టీచర్ల ఇళ్ళలో అవి గుట్టలుగా ఉంటాయి. ఇవ్వాల్సిన సమయం కూడా ఉంది, టీచరుగారూ. డిసెంబరులోనే ఇవ్వండి. బయల్దేరే రోజు ఇస్తే మూట మళ్ళీ విప్పలేరు.

పిల్లల సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. పిల్లల్ని వదిలి వెళ్ళేవాళ్ళ కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్ళు నడుపుతుంది. అక్కడ చేరే పిల్లలకు మీ స్టీలు పళ్ళేలు, గ్లాసులు, దుప్పట్లు ఇవ్వండి. పిల్లవాడి పేరు వాడి పళ్ళెం మీద ఉంటే అన్నం తినేటప్పుడు తగువులుండవు. పేర్ల జాబితా పంపితే నేను చెక్కి ఇస్తాను. మిషను ఇంకా పనిచేస్తోంది. అక్షరానికి డబ్బు లేదు, పూర్తి పేర్లే రాసి పంపండి.

ప్రశ్న: పెద్దమ్మా, మీ అంగట్లో ఇప్పుడు లేనివేంటి? ఏం పంపమంటారు?
– మదనపల్లె, కడప, డోన్ నుంచి ముగ్గురు

జవాబు: చేతులున్న కుర్చీలు. మూతలున్న బకెట్లు. రొట్టెల పెనాలు, అరిగినవైనా సరే, అరిగిన పెనం మీదే రొట్టె బాగా లేస్తుంది. పెద్దాసుపత్రిలో రోగుల పక్కన నేల మీద పడుకునే వాళ్ళకు చాపలు, పలచటి దుప్పట్లు, రెండు గిన్నెల క్యారియర్లు. గద్వాల, రాయచూరు నుంచి కూడా వస్తారు, నాలుగు రోజులనుకుని వచ్చి నలభై రోజులుంటారు. కుట్టు మిషను ఒక్కటైనా ఉంటే అడిగేవాళ్ళు తొమ్మిదిమంది నోటుపుస్తకంలో ఉన్నారు.

పెళ్ళిళ్ళలో వచ్చిన గోడ గడియారాలు మాత్రం దయచేసి పంపకండి. పదిహేడు ఉన్నాయి. ఏ రెండూ ఒక టైము చూపించవు.